ఆరు కిలోల విమానం

ఆ రోజుల్లో మా చేవెళ్ల వైపు బోరు పడని పొలం ఉన్నవాళ్ళు రెండే పనులు చేసేవారు. రాళ్ళు పాతి వెంచర్ వేయడం ఒకటి, ఇంజనీరింగ్ కాలేజీ పెట్టడం రెండోది. పట్నంలో కంప్యూటర్ కంపెనీలు అద్దాల మేడలు కడుతున్నాయని, వాటిలో కూర్చోవడానికి మనుషులు చాలడం లేదని పేపర్లో రోజూ వచ్చేది. దాంతో మొయినాబాద్ దాకా రోడ్డుకు రెండు పక్కలా గులాబీ తోటలు తగ్గి కాలేజీ బోర్డులు పెరిగాయి. ఇంటర్ తప్పినవాడు కూడా "జావా నేర్చుకుంటున్న" అని చెప్పి కోచింగ్ సెంటర్ల అమీర్‌పేటకు బస్సెక్కేవాడు. అలాంటి కాలంలో మెకానికల్ డిప్లొమా చదివి, చేతికి గ్రీజు అంటితేనే పని చేసినట్టు అని నమ్మే మనిషిని నేనొక్కణ్ణే మిగిలానేమోనని నాకు లోలోపల చాలా గొప్పగా ఉండేది. మా బాపుకు అంత గొప్పగా ఉండేది కాదు. బస్టాండు దగ్గరి మా కిరాణం కొట్లో చింతపండు తూస్తూ, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ "మావోడు ఇంక ఖాళీగనే ఉన్నడు" అని చెప్పేవాడు. నేను వెనక గదిలో ఉన్నానని తెలిస్తే ఆ మాట కాస్త పెద్దగా చెప్పేవాడు.

చివరికి మొయినాబాద్ దగ్గర కొత్తగా వెలిసిన ఒక కాలేజీలో (పేరు చెప్పను, ఇప్పుడక్కడ పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి) నాకు ల్యాబ్ అసిస్టెంటు పని దొరికింది. తాత్కాలికం. ఆ కాలేజీ ఓనరును అందరూ ద్రాక్షతోట సార్ అనేవారు, ఎందుకంటే కాలేజీకి ముందు అక్కడ ఆయన ద్రాక్షతోట ఉండేది. తీగలు పీకేసి భవనం కట్టినా అలవాటు పోలేదు. పొద్దున్నే చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో క్లాసు ముందు ఆగి, లెక్చరర్లకు తెగులేమైనా పట్టిందా అన్నట్టు తేరిపార చూసి వెళ్ళేవాడు. ఇంటర్వ్యూలో ఆయన "ఇంకేమన్న వస్తదా నీకు?" అని అడిగితే నేను "ఏరో మోడలింగ్ వస్తది సార్" అన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు. డిప్లొమా రెండో సంవత్సరంలో పుస్తకం చూసి రెండడుగుల గ్లైడరు ఒకటి చేశాను. అది మా వీధి మీదుగా కాసేపు బ్రహ్మాండంగా ఎగిరి, పక్కింటి రేకుల మీద వాలి, మళ్ళీ దిగలేదు. అందులో రెండో సగం ఇంటర్వ్యూలో చెప్పాల్సిన అవసరం నాకు కనబడలేదు.

మూడు నెలలు గడిచాక ద్రాక్షతోట సార్‌కు విమానాల బ్రాంచి తేవాలని బుద్ధి పుట్టింది. తనిఖీ కమిటీ వస్తుంది, వాళ్ళకు ఏదో ఒక విమానం చూపించాలి. ఇంకో కాలేజీవాళ్ళు ఎక్కడినుంచో పాత విమానం తుక్కు పట్టుకొచ్చి గేటు ముందు నిలబెట్టారట. ఈయన కూడా వెతికించాడు గానీ దొరకలేదు. అప్పుడు నన్ను పిలిపించాడు.

"నీకు విమానాలొస్తయన్నవ్ గద?"

"మోడళ్ళు సార్."

"అదే. ఒకటి జెయ్యి. జర పెద్దగ కనవడాలె. రెక్కలు, ఇంజను మల్ల సూద్దాం. మనిషికి మొండెం ఉంటది సూడు, గంతమట్టుకు జెయ్యి."

"ఫ్యూజ్‌లేజ్ అంటరు సార్ దాన్ని."

"ఆఁ, అదే. ఫ్యూజు."

ఆ రోజు నుంచి ఆ కాలేజీలో దాని పేరు ఫ్యూజే. ఆయన వరండాలో నిలబడి "ఫ్యూజు సంగతేమైంది?" అని కేకేసినప్పుడల్లా ఎలక్ట్రీషియన్ టెస్టరు పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాడు. ఎంత బరువుంటుందని సార్ అడిగితే, పుస్తకంలో చదివిన ధైర్యంతో, "థర్మకోలు, బాల్సా కట్టెతోని చేస్త సార్. తొమ్మిదడుగులున్నా ఆరు కిలోలు దాటది. ఒక్క చేత్తోని లేపొచ్చు" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "అయితే కమిటీ ముందట నువ్వే లేపాలె. ఒక్క చేత్తోని. గది సూస్తే వాళ్ళు ఖుష్ అయితరు. బ్రాంచి వచ్చిందనుకో, నువ్వు పర్మినెంటు. రాలేదనుకో, ఇగ నీకిక్కడ పనేమున్నది, నువ్వే చెప్పు." నాకూ చెప్పడానికేమీ కనబడలేదు. ఆ సాయంత్రం ఇంట్లో ఈ మాట చెబితే బాపు తక్కెడ కింద పెట్టి, "పర్మినెంటు అయితే ఇగ అమీర్‌పేట ముచ్చట నా నోట రాది. కాకుంటె మాత్రం సోమారం బస్సెక్కాలె" అన్నాడు. మర్నాటి నుంచి కొట్లో పాట మారింది. చింతపండుకొచ్చిన ప్రతివాళ్ళకూ "మావోడు విమానం చేస్తున్నడు" అని చెప్పడం మొదలుపెట్టాడు.

కాలేజీలో తొమ్మిదడుగుల వస్తువు చేసే చోటు లేదు. అందుకని చేవెళ్లలోనే పెద్దబాపు షెడ్డు అడిగాను. పెద్దబాపు మాకు చుట్టం కాదు, వడ్రంగి. బాపు కంటే నాలుగేళ్ళు పెద్ద కాబట్టి పెద్దబాపు. మా వీధిలో తలుపులు, దర్వాజాలు, ఎడ్లబండ్లు అన్నీ ఆయన చేతివే. మేకు కొట్టడమంటే ఆయన దృష్టిలో పని రాదని ఒప్పుకోవడమే. కట్టెకు తొర్ర తీసి, ఇంకో కట్టెకు నాలుక తీసి, దాన్ని ఇందులో దిగ్గొడితే రెండూ ఒకటే చెట్టు నుంచి మొలిచినట్టు ఉండేవి. కానీ అప్పటికి ఎడ్లు పోయి బండ్లు పోయాయి, తలుపులు పట్నం నుంచి తయారై వస్తున్నాయి. ఆయన ఉలులకు నూనె రాసి వరసగా పెట్టుకుని, పొద్దంతా రోడ్డు చూస్తూ కూర్చునేవాడు. విమానం చేయాలి, సాయం చేస్తావా అంటే, ఎన్ని చక్రాలని మాత్రం అడిగాడు.

పట్నంలో బొమ్మవిమానాల దుకాణం నుంచి నేను తెచ్చిన బాల్సా పలకను ఆయన అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. అది దూరదేశపు చెట్టు, దూదంత తేలిక. గోటితో నొక్కితే గుంట పడుతుంది. ఆయన ఒకసారి ఊదాడు. పలక చేతిలోంచి లేచి కింద పడింది.

"ఇది కట్టెనా బిడ్డా? ఊదితే లేస్తున్నది."

"లేవాల్ననే గద పెద్దబాపు, విమానం."

ఆయన నవ్వలేదు. ఇంకో పలక తీసుకుని మళ్ళీ ఊదాడు.

పని సాగింది. అసలు విమానంలో మూడో వంతు కొలతలతో బొమ్మ గీశాను. బాల్సాతో జల్లెడ చట్రాల్లాంటి గుండ్రటి వలయాలు కోసి, వాటిని సన్నటి బద్దలతో వరసగా కలిపి అస్థిపంజరం చేశాం. దాని మీద థర్మకోలు దిమ్మెలు వంపు తిప్పి అతికించాలి. థర్మకోలు కోయడానికి పాత ఇస్త్రీపెట్టె లోపలి తీగను వెదురు విల్లుకు కట్టి, ట్రాక్టరు బ్యాటరీతో వేడెక్కించాను. అది వెన్నలో చాకులా దిగేది. ఆ విద్య చూడటానికి వీధి వీధంతా వచ్చేది. తర్వాత గరుకు కాగితంతో రుద్దడం మొదలైంది. తెల్లటి గింజలు లేచి షెడ్డు నిండా, వీధి నిండా, అందరి జుట్టు నిండా పడ్డాయి. కోళ్ళు వాటిని తిని, ఇదేమీ బాగాలేదన్నట్టు మా వైపు చూసేవి. పెద్దబాపు భార్య (పెద్దమ్మ) మధ్యాహ్నం సద్ది తెచ్చి, మూత తీసి, "బువ్వల గూడ గవే గింజలు. మీ విమానం మా కడుపులకెళ్ళి పోతదా ఏంది?" అని విసుక్కునేది.

ఇక్కడ నేను చేసిన తెలివైన పని ఒకటి చెప్పాలి. ముక్కు భాగంలో రెండు దిమ్మెలు తొందరగా అతకాలని, చెప్పులు కుట్టేవాళ్ళు వాడే సొల్యూషన్ పూశాను. చాయ్ తాగి వచ్చేసరికి విమానం ముక్కు లేదు. అది ఉన్నచోట పళ్ళు ఊడిన ముసలాయన నోరులాంటి గుంట ఉంది. ఆ మందుకు థర్మకోలు కరిగిపోతుందని పుస్తకంలో ఉంది, నేనా పేజీ తిప్పేశాను. పెద్దబాపు ఆ గుంటలోకి వంగి చూసి, వాసన చూసి, నిటారుగా నిలబడ్డాడు.

"బంక పెడితే అతకాలె గని, తినుడేంది బిడ్డా?"

కట్టెకు వాడే తెల్ల బంక పెడితే ఏమీ కాదని నేను ఎంత చెప్పినా ఆయన ముఖంలో నమ్మకం కనబడలేదు. ముక్కు మళ్ళీ కోసి తెల్ల బంకతో అతికించాం. కానీ ఆ రోజు తర్వాత ఆయన షెడ్డులో అటూ ఇటూ నడుస్తున్నప్పుడు ఆగి, విమానాన్ని వేలి కణుపుతో తట్టి, ఆ బోలు శబ్దం విని తల అడ్డంగా ఊపేవాడు. నేను పట్టించుకోలేదు. నాకు ఒక్క చేత్తో లేపే దృశ్యమే కళ్ళముందు ఉండేది. అద్దం ముందు లేపడం కూడా ఒకట్రెండుసార్లు సాధన చేశాను (చీపురుతో).

ఇంకో వారంలో తనిఖీ అనగా పని చివరికొచ్చింది. కింది సగం అయిపోయింది, పై సగం పల్లికాయ చిప్పలా విడిగా ఉంది. దాన్ని మూసి, బాపు పాత ధోవతి చింపి బంకలో తడిపి ఒళ్ళంతా కప్పి, రంగు వేస్తే చాలు. సరిగ్గా అప్పుడు నాకు చలిజ్వరం పట్టుకుంది. దవాఖానలో రెండు రోజులు, ఇంట్లో మూడు రోజులు. పెద్దబాపు చూడటానికొచ్చి మంచం పక్కన కూర్చుని, "ఫికర్ జెయ్యకు బిడ్డా. మూత పెట్టుడు, బట్ట అతికిచ్చుడు నాకిడ్సిపెట్టు" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కృతజ్ఞతతో ఆయన చెయ్యి పట్టుకుని, జ్వరం గొంతుతో ఒక మాటన్నాను. "జర గట్టిగ జెయ్యి పెద్దబాపు." మూత ఊడకుండా అతికించమని నా ఉద్దేశం. ఆయన నా వైపు ఒక క్షణం చూసి, ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట విన్నవాడిలా లేచి, భుజం మీది తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఐదో రోజు సాయంత్రం షెడ్డుకు పోయాను. తెల్లగా, నున్నగా, పక్కన ఒక నీలం చారతో, తొమ్మిదడుగుల విమానం మొండెం రెండు బల్లల మీద పడుకుని ఉంది. ముట్టుకుంటే గాజులా ఉంది. సంతోషం పట్టలేక తోకను ఒక చేత్తో లేపబోయాను. కదల్లేదు. రెండో చెయ్యి వేశాను. తోక లేవలేదు. జ్వరం మనిషిని ఇంతగా పీల్చేస్తుందా అని నాకే జాలేసింది. పెద్దబాపు కూడా జాలిగా చూసి, "ఇంత బువ్వ మంచిగ తిను బిడ్డా. చేతులల్ల బలమే లేదు నీకు" అన్నాడు. ఆ రాత్రి అమ్మ పెట్టిన కోడిగుడ్లన్నీ తిన్నాను.

పొద్దున కాలేజీకి తీసుకుపోవడానికి మార్కెట్లో టమాటాలు దింపి వచ్చిన ట్రాలీ ఆటో ఒకటి మాట్లాడాం. బరువులు ముట్టవద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది కాబట్టి నేను చార్టు కాగితం మాత్రం పట్టుకున్నాను. నలుగురు హమాలీలు విమానం ఎత్తారు. "ఇదేందన్నా, పీనుగ లెక్కున్నది!" అన్నాడొకడు. హమాలీలు ఇంకో చాయ్ కోసం ఇలాగే అంటారని నాకు తెలుసు కాబట్టి చిరునవ్వు నవ్వాను. పెద్దబాపు వెనకాల విమానాన్ని పట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా జనం ఆగి చూశారు.

కమిటీలో ముగ్గురొచ్చారు. ఇద్దరికి కాగితాలు, జీడిపప్పు చాలు. మూడో ఆయనకు తెల్ల మీసాలు, చొక్కా జేబులో చిన్న టార్చి. ఉద్యోగమంతా విమానాల కార్ఖానాలో చేసి రిటైరయ్యాడని సార్ నా చెవిలో చెప్పాడు. ఆయన విమానం చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరిగి, గోడకున్న నా చార్టు ముందు ఆగాడు. "పొడవు: తొమ్మిది అడుగులు. బరువు: ఆరు కిలోలు." ఆరు కిలోల కింద నేను ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశాను. ద్రాక్షతోట సార్ గొంతు సవరించుకున్నాడు.

"మా పిలగాడు ఒక్క చేత్తోని లేపుతడు సార్. లేపు బాబూ!"

చొక్కా చేతులు మడిచి, కాళ్ళు ఎడంగా పెట్టి, విమానం పొట్ట కింద కుడిచెయ్యి పెట్టి, కమిటీ వైపు చూసి చిరునవ్వుతో లేపబోయాను. చిరునవ్వు మాత్రం కాసేపు ఉంది. కోడిగుడ్లు పనిచేయలేదు. ఎడమచెయ్యి కూడా పెట్టాను. మెడ నరాలు ఉబ్బాయి. విమానం మాత్రం, తనకూ ఈ కార్యక్రమానికీ సంబంధం లేదన్నట్టు అలాగే ఉంది. చివరికి నా కాలు జారి, బల్ల కాలు పట్టుకుని కింద కూర్చున్నాను. తలుపు దగ్గర నిలబడ్డ ఎలక్ట్రీషియన్ పక్కవాడితో మెల్లగా అన్న మాట అందరికీ వినబడింది. "ఫ్యూజు పోయింది."

తెల్లమీసాలాయన నవ్వలేదు. పైలట్ కూర్చునే గుంటలోంచి టార్చి వేసి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"లోపల టేకు దూలాలున్నాయి. పక్కటెముకలు తుమ్మకట్టెవి. విమానం చేశారా, ఇల్లు కట్టారా? ఎవరిదయ్యా ఈ పని?"

నేను కింద నుంచే పెద్దబాపు వైపు చూశాను. ఆయన చెప్పులు గుమ్మం బయట విడిచి, తువ్వాలు చేతిలో పట్టుకుని లోపలికొచ్చాడు.

"నేనే సార్. ఆ కట్టె ఊదితే పోతున్నది. ఆ తెల్లది బంకకే కరిగిపాయె. రేపు పోరగాండ్లు ఎక్కి కూసోరా? నడుమ ఇరిగిందంటే నా ఇజ్జత్ ఏమైతది? వెంచరోళ్ళు కూలగొట్టిన ఇంటి దూలం నా దగ్గర ఉండె, గది ఏసిన." ఒక క్షణం ఆగి, న్యాయంగా ఉండాలనుకున్నాడో ఏమో, నన్ను చూపించి, "గట్టిగ జెయ్యిమని మా బిడ్డనే చెప్పిండు సార్" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

"ఇది ఈ జన్మలో గాల్లోకి లేవదు" అన్నాడు తెల్లమీసాలాయన. మళ్ళీ వంగి, ఒక అతుకు మీద గోరు పెట్టి గీకాడు. గోరు దిగలేదు. వేలితో తడిమాడు. "ఒక్క మేకు లేదు. వెంట్రుక కూడా దూరదు ఇందులో." తర్వాత ద్రాక్షతోట సార్ వైపు తిరిగి, "మీ వర్క్‌షాపులో పిల్లలకు వడ్రంగం ఎవరు చెబుతారు?" అని అడిగాడు. ఆ పోస్టు కాగితాల్లో నిండుగా, గదిలో ఖాళీగా ఉందని మా అందరికీ తెలుసు. సార్ నుదురు తుడుచుకున్నాడు. ఆయన ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకోవడం చూశాను.

"ఈయననే సార్!"

"నేనా?" అన్నాడు పెద్దబాపు.

"మీరే. జర ఊకోండ్రి."

కమిటీ పెద్దాయన తెల్లమీసాల చాటున ఏదో కదిలింది. "సంతోషం. వచ్చే ఏడాది కూడా నేనే వస్తాను. పిల్లలు ఈయన దగ్గర ఏం నేర్చుకున్నారో చూస్తాను" అని టార్చి జేబులో పెట్టుకున్నాడు.

విమానాల బ్రాంచి రాలేదు. సార్ నన్ను పిలిచి, మాట ప్రకారం, నాకక్కడ పనేమీ లేదని మర్యాదగానే చెప్పాడు. ఇంటికొచ్చి నేను పెద్దబాపుతో మూడు రోజులు మాట్లాడలేదు. నిజం చెబుతున్నాను, ఆయన మీద నాకు అసహ్యం పుట్టేంత కోపం వచ్చింది. నాలుగో రోజు ఆయనే ఒక కవరు పట్టుకుని మా కొట్టుకొచ్చాడు. ఇంగ్లీషు కాగితం, చదివి పెట్టమన్నాడు. వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టరుగా తీసుకున్నట్టు ఉంది. మూడో వరుసలో పర్మినెంటు అనే మాట ఉంది. నేను ఎన్నోసార్లు ఊహించుకున్న కాగితమే అది, పేరొక్కటే వేరు. వరుస వరుసా తెలుగులో చెప్పాను. ఆయన విని, మడిచి, జాగ్రత్తగా జేబులో పెట్టుకుని, "మరి నీ కాయితం ఎప్పుడొస్తది బిడ్డా?" అని అడిగాడు. మాయామర్మం లేకుండా అడిగాడు. ఇద్దరికీ ఇస్తారనే అనుకున్నాడు. బాపు చింతపండు తూయడం ఆపాడు. "వస్తది పెద్దబాపు" అన్నాను. నా కోపం ఆ కొట్లోనే ఎక్కడో పోయింది, తర్వాత వెతికినా దొరకలేదు.

ఆయన ఆ కాలేజీలో రిటైరయ్యేదాకా చేశాడు. కొన్ని వందలమందికి కట్టెకు నాలుక తీయడం నేర్పాడు. వాళ్ళంతా సాఫ్ట్‌వేర్‌లోకి పోయారు. విమానం వర్క్‌షాపు వరండాలో చాలాకాలం ఉంది. లంచ్ టైములో దాని మీద ఆరుగురు పిల్లలు వరసగా కూర్చుని టిఫిన్లు తినేవారట, దానికేమీ కాలేదట.

ఆ కవరు వచ్చిన తర్వాతి సోమవారం ఆయన మొదటి రోజు, నేను అమీర్‌పేట బస్సెక్కాల్సిన రోజు కూడా. "నాకు బుగులైతున్నది, నువ్వు గూడ రా" అంటే, అమీర్‌పేట పోయే బస్సులోనే ఇద్దరం ఎక్కి, మధ్యలో దిగాం. గేటు దగ్గర వాచ్‌మన్ పెద్దబాపుకు సలాం కొట్టి లోపలికి పంపించాడు. నన్ను ఆపాడు. "నువ్వు ఇప్పుడు స్టాఫ్ గాదన్నా, పుస్తకంల రాయాలె" అన్నాడు నొచ్చుకుంటూ. పేరు రాశాను, ఊరు రాశాను. 'ఏ పని మీద వచ్చారు' అనే గడి దగ్గర పెన్ను ఆగింది. లోపలికి పోతున్న పెద్దబాపు వెనక్కి తిరిగి నాకోసం నిలబడి ఉన్నాడు. తొందరలో 'విమానం' అని రాసేశాను. వాచ్‌మన్ చదివి తలూపి పంపించాడు. ఆ మధ్యాహ్నమే జావా క్లాసులో చేరిన ఇరవై రెండేళ్ళ ఆ కుర్రాణ్ణి తల్చుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ తర్వాత ఇన్నేళ్ళుగా మెడలో కార్డు వేలాడేసుకుని అద్దాల మేడల గేట్లు దాటుతూనే ఉన్నాను. ఏ పని మీద వచ్చావని నన్నెవరూ అడగలేదు. అడిగితే మాత్రం, అంత ధీమాగా రాయడానికి నా దగ్గర మళ్ళీ మాటేదీ లేదు.